సర్కారు తుమ్మ పట్టిన బీడుకు ఏ యంత్రం? జేసీబీ, ఇటాచీ, డోజర్‌లపై ఒక సమీక్ష

ఏళ్ల తరబడి సాగు లేక సర్కారు తుమ్మ అల్లుకుపోయిన పొలాన్ని బాగుచేయించాలనుకునేవారు యంత్రాల యజమానులకు ఫోన్ చేసి ముందుగా అడిగేది గంటకు అద్దె ఎంత అని. ఆ తర్వాత ఎకరాకు ఎన్ని గంటలు పడుతుందని అడుగుతారు. ఈ రెండింటికంటే ముందు అడగవలసింది మరొకటి ఉంది. వచ్చే యంత్రం చెట్టు మొదలును వేళ్ల ముడితో సహా నేలలోంచి పైకి తీయగలదా, లేక పైనున్న కంపను నెట్టివేసి పొలం శుభ్రపడినట్టు చూపించి వెళ్లిపోతుందా? ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, కనిగిరి పరిసరాల్లో మా కుటుంబానికి ఉన్న చేనును, ఆ చుట్టుపక్కల బంధువుల బీళ్లను బాగుచేయించేటప్పుడు దగ్గరుండి చూసినదాన్ని బట్టి, ఈ పనికి అద్దెకు దొరికే యంత్రాలను ఇక్కడ అంచనా కడుతున్నాను. పని ముగిసిన సాయంత్రం అన్ని పొలాలూ ఒకేలా కనిపిస్తాయి కనుక, రెండు వానాకాలాలు గడిచాక ఏ పొలంలో ఎంత తుమ్మ తిరిగి లేచిందన్నదే నా కొలమానం.

సర్కారు తుమ్మ స్వభావం తెలియకుండా యంత్రాన్ని ఎంచుకోలేము. ప్రొసోపిస్ జూలిఫ్లోరా అనే శాస్త్రీయ నామం గల ఈ చెట్టు పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతం. 1870ల చివర్లో అప్పటి మద్రాసు ప్రభుత్వపు అటవీ అధికారులు వంటచెరకు కోసం దీని విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. తియ్యగా ఉండే కాయలను మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి; విత్తనం మాత్రం అరగకుండా పేడతో పాటు బయటపడి, మందలు తిరిగిన ప్రతి చోటా మొలుస్తుంది. గొడ్డలితో నేల మట్టానికి నరికితే, కాండం వేళ్లను కలిసే చోట మట్టిలో దాగి ఉన్న మొగ్గలన్నీ ఒక్కసారిగా మేల్కొని, ఒక్క కాండం ఉన్న చోట నాలుగైదు పిలకలు వేస్తుంది. అయితే ఈ మొగ్గలన్నీ నేల పైపొరలోనే, దాదాపు ఒక అడుగు లోతు లోపలే ఉంటాయి. అంత వరకు మొదలును తీసివేయగలిగితే, అంతకంటే కింద తెగి మిగిలిపోయిన వేరు సాధారణంగా చిగురించదు. కాబట్టి చెట్టు ఎంత ఎత్తు ఉన్నా, ఎంత గుబురుగా ఉన్నా, అసలు పని ఆ అడుగు మట్టిలోనే ఉంటుంది. కింద చెప్పబోయే మంచిచెడ్డలన్నింటికీ ఆధారం ఇదే.

మన పల్లెల్లో వాడే యంత్రాల పేర్ల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ముందు లోడర్ బకెట్, వెనుక తవ్వే బకెట్ ఉండి టైర్ల మీద నడిచే యంత్రం ఏ కంపెనీదైనా మనకు జేసీబీయే. చైన్ల మీద నడుస్తూ పైభాగం చుట్టూ తిరిగే తవ్వకపు యంత్రం ఏ కంపెనీదైనా ఇటాచీ, లేదా పాత అలవాటు ఉన్నవారికి ప్రొక్లెయిన్. ఈ వ్యాసంలోనూ ఆ పేర్లను ఆ తరగతులకే వాడుతున్నాను. ఫోన్‌లో ఇటాచీ పంపమంటే ఏడు టన్నుల చిన్న యంత్రం రావచ్చు, ఇరవై టన్నుల పెద్దదీ రావచ్చు. రెండింటి పనికీ పొంతన ఉండదు. ఆపరేటర్లు సెవెంటీ, వన్ థర్టీ, టూ హండ్రెడ్ అని చెప్పుకునే అంకెలు ఇంచుమించు ఆ యంత్రపు బరువును సూచిస్తాయి: 70 అంటే ఏడు టన్నుల తరగతి, 130 అంటే పదమూడు, 200 అంటే ఇరవై. అద్దె మాట్లాడుకునే ముందు ఈ అంకెను రూఢి చేసుకోవడం తప్పనిసరి.

ముందుగా జేసీబీ సంగతి చూద్దాం. ఏ మండల కేంద్రంలోనైనా ఫోన్ చేసిన పూటే దొరికేది ఇదొక్కటే. మనకు ఎక్కువగా కనిపించే 3డీఎక్స్ తరగతి యంత్రం దాదాపు ఏడున్నర టన్నుల బరువుతో, 75 హార్స్‌పవర్‌కు అటూఇటుగా శక్తితో ఉంటుంది. వెనుక బకెట్ నాలుగున్నర మీటర్లకు పైగా లోతు తవ్వగలదు. దీనికి లారీ అక్కరలేదు, రోడ్డు మీద తానే నడిచి వస్తుంది, పని అయ్యాక తానే వెళ్లిపోతుంది. చెట్లు పల్చగా, విడివిడిగా ఉన్న చేలో, మోచేతి లావు కాండాల వరకు, ఎకరా రెండెకరాల విస్తీర్ణంలో దీనికి మించిన ఎంపిక లేదు. తవ్విన గుంటను వెంటనే ముందు బకెట్‌తో పూడ్చి చదును చేయడం, కంపను గట్టు పక్కకు నెట్టడం, అవసరమైతే కాలువ తీయడం వంటి నాలుగు పనులు ఒకే యంత్రంతో జరిగిపోవడం చిన్న రైతుకు తేలిగ్గా తీసిపారేయలేని లాభం.

దట్టమైన తుమ్మ అడవిలోకి అడుగుపెట్టగానే ఈ లాభాలు కరిగిపోతాయి. వెనుక బకెట్‌తో తవ్వాలంటే ప్రతి చోటా యంత్రాన్ని నిలిపి, సీటు వెనక్కి తిప్పి, ఇరువైపులా జాకీలు దించి, పని అయ్యాక వాటిని ఎత్తి మళ్లీ కదలాలి. చెట్టు చెట్టుకూ ఈ తంతు నడిచేసరికి గంటలో సగం దీనికే పోతుంది. విసుగెత్తిన ఆపరేటర్ చేసే పని అందరికీ తెలిసిందే: వెనుక బకెట్‌ను పక్కనపెట్టి, ముందు బకెట్‌తో చెట్లను నెట్టుకుంటూ పోతాడు. చూడటానికి పని పరుగులు తీస్తుంది, యజమాని ముఖం వెలుగుతుంది. కానీ ముందు బకెట్ కాండాన్ని నేల మట్టం దగ్గర విరిచేస్తుందే తప్ప వేళ్ల ముడిని కదిలించదు. మా పక్క చేలో ఇలా నెట్టించిన తుమ్మ తొలకరి తర్వాత మునుపటికంటే గుబురుగా లేచింది. పైగా విరిగిన మోళ్లు మట్టిలో కలిసిపోవడంతో వాటిని వెతికి తవ్వడం రెండో విడతలో మరింత కష్టమైంది. జేసీబీని పిలిచేవారు పని మొదలవకముందే వెనుక బకెట్‌తోనే తీయాలని షరతు పెట్టి, మాట తప్పకుండా అక్కడే నిలబడి చూసుకోవాలి.

ఇక టైర్ల బెడద. సర్కారు తుమ్మ ముల్లు ట్రాక్టర్ టైరునూ వదలదు. విరిగిన కంప మీదుగా ముందుకూ వెనక్కూ తిరిగే జేసీబీకి పంక్చర్లు పడక తప్పవు. ముందు టైర్లు చిన్నవి కనుక దెబ్బ ముందు వాటికే తగులుతుంది. పంక్చర్ ఖర్చు ఎవరిది, ఆ సమయంలో ఆగిన గంటలు ఎవరి లెక్కలోకి వస్తాయి అన్నది ముందే తేల్చుకోకపోతే సాయంత్రం మాటామాటా పెరుగుతుంది. నడిచే దారిలో కంపను తొలగిస్తూ, తవ్విన చెట్లను ఎప్పటికప్పుడు ఒకే వైపు వేసే పద్ధతిగల ఆపరేటర్ దగ్గర ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఈ పనికి తగిన యంత్రం ఇటాచీ అన్నది నా నిశ్చితాభిప్రాయం. జాకీల తంతు లేకుండా నిలిచిన చోటు నుంచే చుట్టూ తిరుగుతూ, చేయి అందినంత మేర చెట్లను ఒక్కొక్కటిగా తీసి వెనక్కి కుప్ప వేస్తుంది. చైన్లకు ముల్లు భయం లేదు. ఇరవై టన్నుల బరువైనా అది వెడల్పాటి చైన్ల మీద పరచుకోవడం వల్ల నేల మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలోకు అటూఇటుగానే ఉంటుంది. కాస్త తడిగా ఉన్న నేలలో జేసీబీ టైర్లు దిగబడే చోట కూడా ఇది నడుస్తుంది. అన్నింటికంటే ముఖ్యంగా, ఆపరేటర్ బకెట్ పళ్లను మొదలుకు ఒక పక్కగా గుచ్చి, పక్కవేళ్లను తెంపి, ఆపై బకెట్‌ను ముడి కిందికి పోనిచ్చి తనవైపు లాగితే, వేళ్ల ముడి మట్టి పెల్లతో సహా పైకి వస్తుంది. దాన్ని గాలిలో రెండు మూడుసార్లు కుదిపితే మట్టి రాలి గుంటలోనే పడుతుంది. ఈ కుదుపు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పొలం పైమట్టి కుప్పల్లోకి పోకుండా కాపాడేది అదే.

అయితే ఇటాచీల్లో ఏది? ఏడు టన్నుల సెవెంటీ తరగతి యంత్రం తోటల్లో, వరుసల మధ్య, ఇరుకు దారుల్లో చక్కగా పనిచేస్తుంది. మనిషి తొడ లావు కాండం ఎదురైతే మాత్రం నాలుగు వైపులా తవ్వుకుంటూ తంటాలు పడుతుంది, ఒక్కోసారి చెట్టు బదులు యంత్రమే వెనుక భాగం పైకి లేస్తుంది. ఇరవై టన్నుల టూ హండ్రెడ్‌కు తుమ్మ ఒక లెక్కే కాదు. ఎంత పెద్ద చెట్టునైనా ఒకటి రెండు పట్లలో పెకలిస్తుంది. కాని దాని బకెట్ వెడల్పాటిది. మామూలుగా మట్టి లోడింగుకు వాడే ఆ బకెట్‌తో చిన్న మొక్కను తీసినా పెద్ద గుంట పడుతుంది, ఆ గుంటలు పూడ్చి చదును చేసే ఖర్చు తర్వాత వచ్చి పడుతుంది. దీనికితోడు గంటకు డీజిల్ జేసీబీకి పట్టేదానికి రెట్టింపు దాటుతుంది, పొలం దాకా మోసుకురావడానికి పెద్ద ట్రైలర్ కావాలి, ఆ ట్రైలర్ మన డొంకదారుల్లో మలుపు తిరగదు. రోడ్డు దగ్గర దించి పొలం దాకా చైన్ల మీద నడిపిస్తే ఆ నడకకూ మీటరు తిరుగుతుంది. దారిలో ఉన్న తారు రోడ్డు, సిమెంటు రోడ్డు చెడిపోతే ఊరివాళ్లతో పేచీ వేరే.

మధ్యలో ఉన్న పదమూడు టన్నుల తరగతి అన్ని విధాలా నాకు నచ్చింది. పదేళ్లు పన్నెండేళ్లు పెరిగిన తుమ్మను నిబ్బరంగా తీస్తుంది, గుంట అదుపులో ఉంటుంది, మామూలు లారీ మీద కూడా ఎక్కించుకొచ్చే యజమానులు ఉన్నారు. కొరత ఒక్కటే, అది అన్ని చోట్లా దొరకదు. రోడ్ల పనులు, కాలువల పనులు ముమ్మరంగా ఉన్న నెలల్లో అసలు ఖాళీ ఉండదు. దొరికే దాకా నెల రోజులు ఆగమన్నా ఆగడం మంచిదని నా సలహా. ఐదెకరాలు దాటిన దట్టమైన బీడులో, గంట అద్దె జేసీబీ కంటే బాగా ఎక్కువైనా, ఎకరా లెక్కన చూస్తే ఇదే చౌక పడుతుంది. ఎకరా రెండెకరాలకైతే తెచ్చి దించే ఖర్చు ఆ లాభాన్ని మింగేస్తుంది కనుక జేసీబీయే సరి.

బకెట్ సంగతి ఎవరూ అడగరు, అడగాలి. పళ్లు అరిగిపోయి మొండిగా ఉన్న బకెట్ వేళ్లను కోయదు, చీలుస్తుంది. మొదలు విరిగి లోపలే ఉండిపోతుంది. సన్నటి బకెట్ ఉంటే తుమ్మకు అదే మేలు. కొందరు యజమానుల దగ్గర బకెట్ స్థానంలో తగిలించే ఒంటిపన్ను రిప్పర్ ఉంటుంది. గట్టి గరప నేలల్లో దాన్ని వేళ్ల ముడి కిందికి గుచ్చి ఎత్తితే పెద్ద గుంట పడకుండానే మొదలు ఊడివస్తుంది. అయితే రిప్పర్ ఒక్కదానితో కంపను ఎత్తి కుప్ప వేయడం సాధ్యం కాదు, మళ్లీ బకెట్ మార్చుకోవాలి. రాళ్లు పగలగొట్టే బ్రేకర్ తగిలించి ఉన్న యంత్రాన్ని పంపుతామంటే ఒప్పుకోవద్దు; దాన్ని విప్పి బకెట్ ఎక్కించే గంటలు మన ఖాతాలోనే పడతాయి.

డోజర్ గురించి పాతతరం రైతులకు ఎనలేని గౌరవం. ఒకప్పుడు భూమి చదును అంటే చైన్ డోజరే. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోని బీఈఎంఎల్ కర్మాగారంలో తయారైన డోజర్లు ఇప్పటికీ గనుల్లో, ప్రాజెక్టుల్లో కనిపిస్తాయి. బ్లేడు దించి ముందుకు కదిలితే ఎంతటి తుమ్మ తోపైనా దాని ముందు నిలవదు, వేగంలో మరే యంత్రమూ పోటీ రాదు. కాని వ్యవసాయ భూమికి నేను దీన్ని సిఫారసు చేయను. బ్లేడు నేలను రాసుకుంటూ పోయేటప్పుడు చెట్లతో పాటు నాలుగు వేళ్ల మందం పైమట్టి కూడా లేచి పొలం అంచున వాముల్లా పోగుపడుతుంది. ఎర్రచెలకలో సారం ఉన్నదంతా ఆ పైమట్టిలోనే. ఆ వాముల్లో మట్టీ కంపా కలిసిపోవడంతో అవి సరిగా కాలవు, కుళ్లవు, ఏళ్ల తరబడి పాములకు నిలయంగా ఉంటాయి. వేళ్ల ముడులు కొన్ని ఊడుతాయి, కొన్ని తెగి లోపలే మిగులుతాయి. ఏవి మిగిలాయో చదును చేసిన మట్టి కింద కనిపించదు. బ్లేడు బదులు దువ్వెనలా పొడవాటి పళ్లున్న రేక్ ఉంటే మట్టిని వదిలి కంపను మాత్రమే దువ్వుకుపోతుంది గానీ, మన దగ్గర అద్దెకు అలాంటిది దొరకడం అరుదు. ఇళ్ల స్థలాలకో, చెరువు కట్టకో, కోళ్ల షెడ్డుకో నేలను సిద్ధం చేసేవారికి పైమట్టి గొడవ లేదు కనుక వారు నిక్షేపంగా డోజర్ పిలుచుకోవచ్చు.

ట్రాక్టర్‌కు ముందు బ్లేడు తగిలించిన డోజర్ ట్రాక్టర్ చదునుకు పనికొస్తుంది, తుమ్మ తీయడానికి పనికిరాదు. ఇంతకుమించి దాని గురించి చెప్పవలసింది లేదు. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి చెట్లను లాగే పద్ధతి గురించి మాత్రం ఒక హెచ్చరిక అవసరం. గొలుసును వెనుక ఇరుసుకంటే ఎత్తులో కట్టి లాగితే, చెట్టు కదలనప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి, కళ్లు మూసి తెరిచేలోగా వెనక్కి తిరగబడుతుంది. డ్రైవర్ తప్పించుకునే వ్యవధి ఉండదు. నేల బాగా తడిసినప్పుడు బొటనవేలు లావు మొక్కలకు తప్ప ఈ పద్ధతిని వాడకపోవడమే క్షేమం.

ఈమధ్య వీడియోలు చూసి మల్చర్ గురించి అడిగేవారు పెరిగారు. తిరిగే డ్రమ్ముకు ఉక్కు పళ్లు బిగించి, నిలబడి ఉన్న చెట్టును నిలబడినట్టే పొట్టు చేసే ఆ యంత్రం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మన దగ్గర ట్రాక్టర్ల వెనుక కనిపించే మల్చర్లు పత్తికట్టె, మొక్కజొన్న చొప్ప, వరి కొయ్యకాళ్ల కోసం చేసినవి. తుమ్మ కాండం తగిలితే వాటి బ్లేడ్లు, బేరింగులు పోతాయి. చెట్లను పొట్టు చేసే అటవీ మల్చర్‌కు వంద హార్స్‌పవర్‌కు పైబడిన శక్తి, నత్తనడకగా కదిలే గేరు కావాలి, మన పల్లెల్లోని ట్రాక్టర్లలో అత్యధికం అందులో సగం శక్తివే. రెండోది ఇంకా ముఖ్యమైనది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ చెట్టు పశువుల బీళ్లను ఆక్రమించి అక్కడి రైతులను దశాబ్దాలుగా వేధిస్తోంది. పైభాగాన్ని ఎంత మెత్తగా పొట్టు చేసినా వేళ్ల ముడి మిగిలితే అది మళ్లీ చిగురిస్తుందని వారికి అనుభవమే. అందుకే మొదలును నేల కిందనుంచి కోసి ఎత్తే ప్రత్యేకమైన పలుగులను యంత్రాలకు బిగించి వాడతారు. డబ్బు, యంత్రాలు దండిగా ఉన్న చోటే పరిస్థితి ఇదైతే, మనం మల్చర్ కోసం ఆరాటపడనవసరం లేదు. మామిడి తోటలో వరుసల మధ్య పెరిగిన లేత కంపను ఏటా అదుపులో ఉంచడానికి ట్రాక్టర్ స్లాషర్ చాలు.

యంత్రం ఎంత ముఖ్యమో నేల అదును అంత ముఖ్యం. మండు వేసవిలో ఎర్ర గరప నేల బండలా బిగుసుకుపోతుంది, వేళ్లు ఊడిరాక తెగిపోతాయి. అదే నేలలో ఒకటి రెండు మంచి వానలు పడి, పైన కాస్త ఆరిన తర్వాత యంత్రాన్ని దించితే మొదళ్లు ముల్లంగి దుంపల్లా లేచివస్తాయి. నల్లరేగడిలో లెక్క వేరు: వానాకాలంలో చైన్ల యంత్రం కూడా కూరుకుపోతుంది కనుక, లోపల చెమ్మ మిగిలి పైన గట్టిపడిన మాఘ, ఫాల్గుణ మాసాలు అనుకూలం. గిరాకీ ఎక్కువగా ఉండే ఎండాకాలంలో ఎక్కువ అద్దె ఇచ్చి, గట్టి నేలలో ఎక్కువ గంటలు తిప్పించడం రెండు విధాలా నష్టమే.

కట్టె వ్యాపారులతో వచ్చే చిక్కు ఒకటుంది. తుమ్మ కట్టెకు బొగ్గు బట్టీల్లో, ఇటుక బట్టీల్లో గిరాకీ ఉండటం వల్ల వారు తామే వచ్చి ఉచితంగా నరికి తీసుకెళ్తామంటారు, కొందరు ఎదురు డబ్బు కూడా ఇస్తారు. ఒప్పుకోవచ్చు, కాని నేల మట్టానికి నరకనివ్వకూడదు. నడుము ఎత్తున కాండాన్ని వదిలిపెట్టమనాలి. ఆ మిగిలిన కాండమే యంత్రానికి పిడి. బకెట్‌తో దాన్ని ముందుకు నెట్టి ఊపు తీసుకుంటే సగం వేళ్లు అప్పుడే తెగుతాయి. నేల మట్టానికి నరికిన మోడు కనపడనే కనపడదు, కనపడినా పట్టు దొరకదు, చుట్టూ తవ్వడం తప్ప మార్గం ఉండదు. కట్టె అమ్ముకుని సంపాదించిన సొమ్ము అదనపు యంత్రం గంటల కిందే కరిగిపోయిన సందర్భాలు మా ఊళ్లోనే ఉన్నాయి.

అద్దె ఒప్పందంలో ఎకరాకు గుత్త, గంటకు అద్దె అని రెండు పద్ధతులు. గుత్తకు ఇస్తే యజమానికి నిశ్చింత అనిపిస్తుంది గానీ, గుత్త తీసుకున్నవాడికి త్వరగా ముగించడమే లాభం కాబట్టి మొదళ్లు లోపలే మిగిలిపోతాయి. గంటల లెక్కలో ఆపరేటర్‌కు తొందర ఉండదు. తొందర లేకపోవడం కాస్త ఎక్కువైతే మన జేబుకు చిల్లు. నేను గంటల లెక్కనే ఇష్టపడతాను, అయితే పొద్దున్నే ఇంజన్ మీటరు అంకెను ఫోన్‌లో ఫోటో తీసి, భోజనానికి ఆపినప్పుడు ఇంజన్ ఆపించి, సాయంత్రం మళ్లీ ఫోటో తీయాలి. ఇంజన్ ఊరికే నడుస్తున్నా మీటరు తిరుగుతూనే ఉంటుందన్న సంగతి గమనించాలి. డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బత్తా, భోజనం ఎవరివి, తెచ్చి దించే ఖర్చు ఒకవైపా రెండువైపులా, రోజుకు కనీసం ఎన్ని గంటలకు చెల్లించాలి అన్నవి నోటిమాటగా కాక వాట్సాప్‌లోనైనా రాయించుకోవడం మేలు. మా చేనుకు వచ్చిన ఒక యజమాని మాట్లాడుకున్నప్పుడు లేని దింపుడు ఖర్చును పని సగంలో ఉండగా అడిగాడు. అప్పుడు కాదంటే యంత్రం వెళ్లిపోతుంది, ఔనంటే డబ్బు పోతుంది.

ఆపరేటర్ విషయంలో బేరం ఆడకూడదు. అదే యంత్రం మీద ఒకరు చెట్టును రెండు పట్లలో మట్టి దులిపి పక్కన పెడితే, మరొకరు నాలుగు వైపులా గోతులు తీసి కాండం విరిచి వదిలేస్తారు. గతంలో తోటలు తీసిన, బత్తాయి మొదళ్లు పెకలించిన అనుభవం ఉందా అని అడిగితే మనిషి పనితనం ఇట్టే తెలుస్తుంది. మట్టి లోడింగు మాత్రమే చేసినవారికి ఈ పని కొత్తగానే ఉంటుంది. అలాగే రేడియేటర్ జాలీని పూటపూటా శుభ్రం చేసే ఆపరేటర్‌ను గౌరవించాలి. తుమ్మ ఆకు, ఎండు పుల్లలు దానికి పట్టేసి ఇంజన్ వేడెక్కడం, ఇంజన్ చుట్టూ చేరిన ఎండు చెత్త నిప్పంటుకోవడం ఈ పనిలో ఉండే నిజమైన ప్రమాదాలు.

యంత్రం రాకముందే పొలమంతా కాలినడకన ఒకసారి తిరగాలి. కంప దట్టంగా ఉన్నచోట పాడుబావి నోరు కనపడదు, అంచుకు వెళ్లిన యంత్రం బరువుకు పాత రాతికట్టు జారిపోతుంది. బావులు, పాత బోరు కేసింగులు, భూమిలోని పైపులు, సర్వే రాళ్లు ఉన్నచోట్ల కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాలి. హద్దురాయి లేచిపోతే పక్క రైతుతో తగవు తీరడానికి యంత్రం అద్దె కంటే ఎక్కువ ఖర్చవుతుంది. పొలం మీదుగా కరెంటు తీగలు పోతుంటే ఇటాచీ చేయి ఎత్తి చెట్టును తిప్పేటప్పుడు అవి అందే దూరంలో ఉంటాయి. ఆ మేరకు లైన్‌మన్‌తో మాట్లాడి సరఫరా ఆపించాలి. తుమ్మల మధ్య వేప, చింత, నేరేడు వంటివి ఉంటే వాటిని వదిలేయమని ముందే సున్నం గుర్తు వేయడం మంచిది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్లు నరకడానికి అనుమతులు అవసరమయ్యే సందర్భాలున్నాయి కనుక, తుమ్మ కాక వేరే చెట్లు తీయదలిస్తే స్థానిక అటవీ అధికారిని సంప్రదించాకే చేయాలి.

యంత్రం వెళ్లిన తర్వాతి పనికి కూడా డబ్బు అట్టిపెట్టుకోవాలి. గుంటలు పూడ్చి, బ్లేడుతో చదును చేసి, పెద్ద నాగలితో లోతు దుక్కి వేస్తే తెగిన వేళ్లు పైకి తేలతాయి. కూలీలతో వాటిని ఏరించకపోతే గొర్రు పళ్లు విరుగుతాయి. తొలకరికి మట్టిలో నిద్రపోతున్న విత్తనాలు గుంపులుగా మొలుస్తాయి. చూసినవారు యంత్రం పని దండగైందని కంగారుపడతారు. అవి విత్తనపు మొలకలు, మొదళ్ల పిలకలు కావు. చేతితో లాగితే వచ్చేస్తాయి, లేదా వరుసగా రెండు దుక్కులకు చస్తాయి. పీకినప్పుడు రాకుండా గట్టిగా పట్టుకున్నవి మాత్రమే మిగిలిపోయిన మొదళ్లు. వాటిని లెక్కపెడితే యంత్రం ఎంత నిజాయితీగా పనిచేసిందో తేలుతుంది. మా చేలో పదమూడు టన్నుల ఇటాచీ తీసిన భాగంలో అవి అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి, గడ్డపారతో తీసేశాము. ముందు బకెట్‌తో నెట్టించిన పక్క చేలో మళ్లీ యంత్రాన్ని పిలవవలసి వచ్చింది.

తొలకరికి లేచే ఆ విత్తనపు మొలకల వల్లే, ఊళ్లో పొలం ఉంచుకుని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నవారు నన్ను అడిగినప్పుడు, రాబోయే వానాకాలంలో పైరు వేసేవారో కౌలుకు తీసుకునేవారో ఖాయమయ్యే దాకా యంత్రాన్ని పిలవవద్దని చెబుతున్నాను. దుక్కి పడని నేలలో ఆ విత్తనపు మొలకలు మూడేళ్లలో మళ్లీ మనిషెత్తు కంప అవుతాయి, అప్పటికి పూడ్చని గుంటల మధ్య తిరగడానికి ఏ ఆపరేటరూ మొదటిసారి అద్దెకు ఒప్పుకోడు.